హుద్‌హుద్ తెచ్చిన వార్త

మన కుటుంబాలలో చదువుకున్న యువతీ యువకులు అనేకులు నేడు హైదరాబాదు, బెంగళూరు మొదలుకొని గల్ఫ్ దేశాలు, అమెరికా వరకు విస్తరించిన పెద్ద సాంకేతిక సంస్థలలో పనిచేస్తున్నారు. ఆ సంస్థలలో ‘రిస్క్ మేనేజ్‌మెంట్’ అనే విభాగం ఒకటి ఉంటుంది. రేపు ఏ నష్టం రావచ్చు, ఏ వైపు నుంచి రావచ్చు, వస్తే ఏమి చేయాలి అని ముందుగానే ఆలోచించి ఏర్పాట్లు చేయడం దాని పని. ఆ పనిలో ఉన్న మన పిల్లలు కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది: “రానున్నది అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు కదా! ఇంకా రాని ఆపదను ఊహించి లెక్కలు వేయడం తవక్కుల్‌కు విరుద్ధం కాదా?”

కాదు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టమని, ఆ తరువాతనే అల్లాహ్‌పై భరోసా ఉంచమని దైవప్రవక్త (స) బోధించిన హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. తాడు కట్టడం మన విధి. ఒంటెను కాపాడటం అల్లాహ్ అధీనంలోని విషయం. మొదటిది చేయకుండా రెండవదానిని ఆశించడం భరోసా కాదు, బద్ధకం.

ఇక వ్యాపారంలో నష్టభయం ఉండటం దానంతటది దోషం కాదు. నష్టభయం లేని వ్యాపారమే లేదు. లాభానికి హక్కుదారు కాదలచినవాడు నష్టభారాన్నీ మోయాలన్నది మన ఫిఖ్హ్ పండితులు నిర్ణయించిన సూత్రం. నష్టంలో ఏ పాలూ పంచుకోకుండా లాభం మాత్రం నిర్ణయించుకునే వడ్డీని ఇస్లాం నిషేధించింది. ఏ శ్రమా, ఏ ప్రయోజనమూ లేకుండా కేవలం అదృష్టంపై సొమ్ము ఒడ్డే జూదాన్నీ నిషేధించింది. ఈ రెంటి నడుమ ఉన్నదే ధర్మబద్ధమైన వ్యాపారం. అందులో ఆపదను ముందుగా గుర్తించి జాగ్రత్తపడటం, తనకు అప్పగించిన సొమ్ముకు, తనను నమ్ముకున్న కూలివానికి, కొనుగోలుదారునికి చేసే న్యాయం. అది అమానత్‌లో భాగం.

అయితే ఈ జాగ్రత్త ఎక్కడ మొదలవుతుంది? కంప్యూటరులోని పట్టికలలోనా, నిపుణుల నివేదికలలోనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే ఉదంతం ఒకటి రెండు ప్రసిద్ధ సంస్థల చరిత్రలో ఉంది.

ఫిన్‌లాండ్ దేశానికి చెందిన నోకియా 1865లో కాగితపు గుజ్జు తయారుచేసే మిల్లుగా మొదలై, కాలక్రమంలో రబ్బరు, కేబుళ్లు దాటి టెలిఫోన్ల తయారీకి చేరుకుంది. 1998 నాటికి ప్రపంచంలో అత్యధికంగా మొబైల్ ఫోన్లు తయారుచేసే సంస్థ అయింది. పొరుగున ఉన్న స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ దానికి గట్టి పోటీదారు. ఈ రెండు సంస్థలూ తమ ఫోన్లకు కావలసిన కొన్ని చిప్పులను ఒకే కర్మాగారం నుంచి కొనేవి. అది అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ నగరంలో ఫిలిప్స్ సంస్థ నడిపే కర్మాగారం.

2000 మార్చి 17 సాయంత్రం ఆ ప్రాంతంలో పిడుగు పడింది. విద్యుత్ సరఫరా ఒడిదుడుకులకు లోనై కర్మాగారంలో మంట లేచింది. దాదాపు పది నిమిషాలలోనే దానిని ఆర్పివేశారు. బయటి నుంచి చూసినవారికి అది చిన్న ప్రమాదం. కాని చిప్పులు తయారయ్యే గదులలో ధూళి రేణువుకు కూడా చోటుండకూడదు. పొగ, నీరు, మసి ఆ గదులలోకి చేరడంతో లక్షలాది ఫోన్లకు సరిపడే చిప్పులు పాడైపోయాయి. గదులను తిరిగి శుభ్రపరచడం రోజులతో తేలే పని కాదు.

అయితే మొదట ఫిలిప్స్ వారు ఇద్దరు కొనుగోలుదారులకూ ఒకే మాట చెప్పారు: ఒక వారం ఆలస్యం కావచ్చునని. ఈ ఒక్క కబురు రెండు సంస్థలలో రెండు దారులు పట్టింది.

నోకియాలో ఆ ఫోను అందుకున్న కొనుగోలు విభాగపు అధికారి వారం ఆలస్యమే కదా అని ఊరుకోలేదు. పైవారికి వెంటనే తెలియజేశాడు. ఆ చిప్పులను ప్రత్యేకంగా గమనించవలసిన వస్తువుల జాబితాలో చేర్చారు. వారానికొకసారి ఆరా తీసే చోట ప్రతిరోజూ ఆరా తీయసాగారు. రెండు వారాలు గడిచేసరికి అసలు సంగతి బయటపడింది. సరఫరా నెలల తరబడి దెబ్బతినబోతున్నది. సుమారు 40 లక్షల ఫోన్ల తయారీ ఆగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు సంస్థ అధిపతి యోర్మా ఓలిలా స్వయంగా ఫిలిప్స్ పెద్దలతో మాట్లాడారు. నెదర్లాండ్స్‌లోనూ చైనాలోనూ ఉన్న ఫిలిప్స్ ఇతర కర్మాగారాల సామర్థ్యాన్ని తమకు మళ్లించుకున్నారు. జపాన్, అమెరికాలలోని ఇతర సరఫరాదారుల చేత అదనంగా తయారు చేయించారు. ఇంజినీర్లు కొన్ని చిప్పుల నమూనాలను మార్చి, మరోచోట తయారయ్యేలా చేశారు. నోకియా ఫోన్ల ఉత్పత్తి దాదాపు ఆటంకం లేకుండా సాగింది.

ఎరిక్సన్‌లోనూ ఒక ఉద్యోగికి అదే ఫోను వచ్చింది. ఆ కబురు కింది స్థాయిలోనే ఉండిపోయింది. ఫోన్ల విభాగపు ముఖ్యాధికారికి సంగతి పూర్తిగా తెలిసేసరికి వారాలు గడిచిపోయాయి. పైగా ఖర్చు తగ్గించుకునే ఉద్దేశంతో ఆ సంస్థ అంతకు కొన్నేళ్ల ముందే కొన్ని ముఖ్యమైన భాగాలకు ఒకే సరఫరాదారుపై ఆధారపడటం మొదలుపెట్టింది. కాబట్టి మేలుకున్న తరువాత కూడా వెళ్లి అడగడానికి మరో గుమ్మం లేకపోయింది. దాదాపు 40 కోట్ల డాలర్ల విలువైన అమ్మకాలు కోల్పోయామని ఆ సంస్థ తరువాత లెక్క తేల్చింది. 2001 జనవరిలో ఫోన్ల తయారీని బయటి సంస్థకు అప్పగిస్తున్నట్లు ప్రకటించి, అదే ఏడాది జపాన్‌కు చెందిన సోనీతో భాగస్వామ్యం కుదుర్చుకుంది. ఎరిక్సన్ ఫోన్ల వ్యాపారం దెబ్బతినడానికి ఇతర కారణాలూ ఉన్నాయి. ఆ పది నిమిషాల మంట వాటిపై పడిన చివరి దెబ్బలాంటిది.

ఒకే గుమ్మాన్ని నమ్ముకోవడం అన్న మాట వచ్చినప్పుడు యూసుఫ్ సూరా గుర్తుకు వస్తుంది. హజ్రత్ యాఖూబ్ (అ.స) తన కుమారులను ఈజిప్టుకు పంపుతూ, అందరూ ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని చెప్పారు. దృష్టిదోషం తగలకూడదన్నది ఆయన ఉద్దేశమని ముఫస్సిర్లలో అనేకులు వివరించారు. మన చర్చకు కావలసినది ఏమంటే, ఆపద వస్తే అది అందరినీ ఒక్కసారిగా చుట్టుముట్టకుండా ఆయన జాగ్రత్తపడ్డారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయం నుంచి తాను వారిని ఏ మాత్రం తప్పించలేనని కూడా చెప్పారు. జాగ్రత్త, భరోసా రెండూ ఒకే నోట, ఒకే సందర్భంలో వెలువడ్డాయి. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని భావించేవారికి ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు.

ఎరిక్సన్ ఆ దెబ్బ తరువాత గుణపాఠం నేర్చుకుంది. తనకు సరుకు ఇచ్చేవారిని మాత్రమే కాదు, వారికి సరుకు ఇచ్చేవారిని కూడా ఆరా తీసింది. ప్రతి ముఖ్యమైన భాగానికీ ఎన్ని ఆధారాలున్నాయి, ఒకటి మూతపడితే తిరిగి సరఫరా మొదలవడానికి ఎంతకాలం పడుతుంది, ఆ లోపు ఎంత నష్టం వస్తుంది అని లెక్కకట్టే పద్ధతిని ఏర్పరచుకుంది. వ్యాపార పాఠశాలలలో దీనిని నేటికీ బోధిస్తారు.

నోకియా కథ మాత్రం ఇక్కడితో ముగియలేదు. ముగిసి ఉంటే అది గెలిచినవారి కథగానే మిగిలేది.

2007లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను విడుదల చేసినప్పుడు నోకియా ఇంకా శిఖరం మీదనే ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి పది ఫోన్లలో దాదాపు నాలుగు దానివే. వేలాది ఇంజినీర్లున్నారు, ధనం ఉంది, పేరుంది. అయినా ఆరేళ్లు తిరిగేసరికి, 2013 సెప్టెంబరులో తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మివేస్తున్నట్లు ప్రకటించవలసి వచ్చింది. చెన్నై సమీపంలోని శ్రీపెరంబుదూరులో వేలాది మందికి, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన యువతులకు, ఉపాధి ఇచ్చిన నోకియా కర్మాగారం పన్నుల వివాదం కారణంగా ఆ అమ్మకంలో చేరలేదు. 2014 నవంబరు 1 నుంచి అందులో తయారీ నిలిచిపోయింది.

ఇది ఎలా జరిగింది? క్వీ హుయ్, టిమో వూరి అనే ఇద్దరు ఆచార్యులు నోకియాలో పనిచేసిన అధికారులు, ఇంజినీర్లు మొదలైన 76 మందితో మాట్లాడి చేసిన పరిశోధన 2016లో ప్రచురితమైంది. వారు గుర్తించిన ముఖ్య కారణాలలో ఒకటి భయం. పైవారికి పోటీదారులంటే, వాటాదారులంటే భయం. మధ్యస్థాయి అధికారులకు పైవారి కోపమంటే భయం. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధం కాలేదని, అనుకున్న గడువుకు పూర్తి కాదని చెబితే చేతకానివాడన్న ముద్ర పడుతుందేమోనని అనేకులు నోరు మూసుకున్నారు. పైవారు వినదలచిన మాటలే వారికి వినిపించాయి. చేతిలో ఉన్న పడవకు రంధ్రం పడిందని కింద ఉన్నవారికి తెలుసు. పైన ఉన్నవారికి తెలియదు.

గమనించండి. 2000లో ఆ సంస్థను నిలబెట్టినది ఒక చిన్న అధికారి చెప్పిన చెడు వార్త, దానిని విన్న పెద్దల చెవి. పదేళ్ల తరువాత అదే సంస్థను పడగొట్టిన కారణాలలో, చెప్పని చెడు వార్తలు ముఖ్యమైనవి. సంస్థ అదే, దేశం అదే. మారినది కబురు పైకి వెళ్లే దారి.

నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అ.స) వృత్తాంతాన్ని ఈ దృష్టితో మరోసారి చదవండి. ఆయనకు జిన్నాతులు, మానవులు, పక్షులతో కూడిన సైన్యం ఉంది. ఆయన పక్షులను పరిశీలిస్తూ హుద్‌హుద్ కనిపించడం లేదని గుర్తించారు. 2014లో విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుపానుకు ఈ పక్షి పేరే పెట్టారు కనుక మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. అనుమతి లేకుండా వెళ్లినందుకు సరైన కారణం చూపకపోతే కఠినంగా శిక్షిస్తానని ఆయన అన్నారు. కాసేపటికే ఆ పక్షి వచ్చి, మీకు తెలియని సంగతి నాకు తెలిసిందని, సబా దేశం నుంచి నిశ్చితమైన వార్త తెచ్చానని నివేదించింది.

ఒక అల్పప్రాణి చక్రవర్తి ముందు నిలబడి ‘మీకు తెలియదు’ అంటున్నది! సులైమాన్ (అ.స) దానిని ధిక్కారంగా తీసుకోలేదు. అల్లాహ్ తనకు ఇచ్చిన జ్ఞానాన్ని ఏకరువు పెట్టి దానిని అణచివేయలేదు. అలాగని విన్నదానిని గుడ్డిగా నమ్మనూ లేదు. నీవు చెప్పినది నిజమో అబద్ధమో చూస్తామని చెప్పి, ఆ పక్షికే లేఖ ఇచ్చి పంపారు. అంటే తన కింద ఉన్నవారిని ఒక్కొక్కరినీ గమనించారు, తనకు తెలియనిది ఇతరులకు తెలిసి ఉండవచ్చునని ఒప్పుకున్నారు, వార్త తెచ్చినవారిని దండించలేదు, వార్తను విచారించి చర్య తీసుకున్నారు. నేటి సంస్థలు ఎన్ని పేర్లు పెట్టినా, జాగ్రత్త అనే విద్యకు మూలం ఈ నాలుగు పనులే.

చెప్పేవారికి కూడా మర్యాద ఉంది. శాంతికి లేక భయానికి సంబంధించిన కబురు అందగానే దానిని నలుగురిలో చాటేవారిని నిసా సూరా 83వ ఆయతు మందలిస్తుంది. దానిని ప్రవక్తకు, బాధ్యత వహించేవారికి నివేదిస్తే, విచారించి సత్యం వెలికితీయగలవారు తెలుసుకునేవారని బోధిస్తుంది. కార్యాలయంలో లోపం కనిపించినప్పుడు వాట్సాప్ సమూహాలలో చెవులు కొరుక్కోవడం ధైర్యం కాదు. మౌనంగా ఉండిపోవడం విధేయత కాదు. పరిష్కరించగలవారి ముందు, ఆధారంతో, మర్యాదతో, సకాలంలో చెప్పడం అమానత్.

చెప్పకుండా దాచిన లోపం ఎంత పెరుగుతుందో మన హైదరాబాదు చూసింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో సైతం నమోదై, 50 వేలకు పైగా ఉద్యోగులున్న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు 2009 జనవరి 7న స్వయంగా ఒక లేఖ రాసి, ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. వాస్తవ లాభానికీ చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏటేటా పెరుగుతూ పోయిందని ఆ లేఖలోనే ఉంది. మొదటి ఏడాదిలోనే ‘ఈసారి లాభం తగ్గింది’ అని చెప్పి ఉంటే వాటా ధర కొంత పడేది, అంతే. ఆ ఒక్క చెడు వార్తను దాచినందుకు వేలాది కుటుంబాలు నెలల తరబడి నిద్రలేని రాత్రులు గడిపాయి. ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించి, అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రాకు సంస్థను అప్పగించడంతో వారి ఉపాధి చాలావరకు నిలిచింది.

మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన కురిసిందని అమ్మకందారు చెప్పాడు. ప్రజలకు కనిపించేలా తడిసినదానిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తమలోనివాడు కాడని హెచ్చరించారు. ధాన్యం తడవడం ఆ వ్యాపారి తప్పు కాదు, వాన అల్లాహ్ కురిపించినది. తడిని కిందికి నెట్టడమే అతని తప్పు. తడిసినదానిని పైన ఉంచడం, నోకియాకైనా సత్యంకైనా మన వీధిచివరి దుకాణానికైనా, వ్యాపార జాగ్రత్తలలో మొట్టమొదటిది.

అధికారంలో ఉన్నవారికి మరొక మాట. ఉహద్ యుద్ధంలో కనుమ వద్ద కాపలా ఉంచిన 50 మంది విలుకాండ్రలో అధికులు, విజయం లభించిందని భావించి తమ స్థానం వదిలారు. శత్రువులు ఆ దారినే వెనుక నుంచి విరుచుకుపడ్డారు. గెలిచామనుకున్న క్షణమే కాపలా సడలుతుందన్నది ఇందులోని మొదటి పాఠం. రెండవ పాఠం ఆ తరువాత వచ్చింది. అంత నష్టం జరిగిన సందర్భంలో అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతు ఏమి బోధించింది? ప్రవక్త (స) మృదుస్వభావం అల్లాహ్ కారుణ్యమని, ఆయన కఠిన హృదయులై ఉంటే వారు ఆయన చుట్టూ నిలవక చెదిరిపోయేవారని తెలిపి, వారిని మన్నించమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని ఆదేశించింది. తప్పు చేసినవారితోనే సంప్రదింపు! పరిశోధకులు 76 మందితో మాట్లాడి తెలుసుకున్న విషయం ఈ ఒక్క ఆయతులో ఉంది. కఠినత్వం మనుషులను చెదరగొడుతుంది. ఒక్కోసారి మనుషులు ఎదుటనే ఉంటారు, వారి మాటలు మాత్రం చెదిరిపోతాయి.

ఇదంతా పెద్ద సంస్థల సంగతి, ఇంటికి ఏమి సంబంధం అని అనుకోవద్దు. ప్రతి ఇంటికీ ఒక అధిపతి ఉన్నాడు, కింద ఉన్నవారు ఉన్నారు, పైకి వెళ్లవలసిన కబుర్లు ఉన్నాయి. కొడుకు పరీక్ష తప్పుతాడు, అబ్బాకు చెప్పడానికి భయపడి మార్కుల పత్రం దాచుతాడు. ఉద్యోగం పోయిన యువకుడు రోజూ సంచి తగిలించుకుని బయలుదేరి సాయంత్రం వరకు ఎక్కడో కూర్చుని వస్తాడు. ఫోనులోని లోన్ యాప్‌లో తీసుకున్న ఐదువేలు వడ్డీతో యాభైవేలై, బెదిరింపు ఫోన్లు బంధువుల దాకా వచ్చిన తరువాతనే ఇంట్లోవారికి తెలుస్తుంది. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మన పత్రికలలో చదివాం. ఐదువేల నాడే ఆ బిడ్డ తల్లి దగ్గరకో తండ్రి దగ్గరకో వచ్చి ఉంటే! రాలేదంటే అతని తప్పు ఎంత ఉందో, అతడు రాలేని ఇల్లుగా దానిని మార్చినవారి తప్పు ఎంత ఉందో మనలో ప్రతి ఒక్కరూ ఆలోచించుకోవాలి.

అందుచేత సోదరులారా, సోదరీమణులారా! సంపాదన ఒకే గుమ్మం నుంచి వస్తున్నట్లయితే రెండవదానిని వెతకండి. కొన్ని నెలల ఖర్చులకు సరిపడే పొదుపు పక్కన ఉంచండి. ఇచ్చిపుచ్చుకునే అప్పులను ఖుర్ఆన్ ఆదేశించిన విధంగా రాతపూర్వకం చేయండి. ఇవి ఒంటెకు కట్టే తాళ్లు. వీటన్నిటికంటే ముందు, వారానికొకసారి ఇంటిల్లిపాది కూర్చుని, ఎవరికి ఏ ఇబ్బంది ఉందో అడగండి. మొదటి చెడు వార్త వచ్చినప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో పిల్లలు చూస్తారు. రెండవ వార్త మీ దాకా వస్తుందా రాదా అన్నది ఆ క్షణంలోనే నిర్ణయమవుతుంది.

కార్యాలయంలో పనిచేసే మా బిడ్డలారా! మీకు కనిపించిన లోపం మీ చేతిలోని అమానత్. ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజమైనదే, దానిని తేలికగా తీసిపారేయలేము. అయితే ఉపాధి ప్రదాత అల్లాహ్ అన్న విశ్వాసం మాటలకే పరిమితం కాకుండా పనికివచ్చే చోటు ఇదే. తవక్కుల్ అన్నది జాగ్రత్త విడిచిపెట్టడానికి కాదు, నిజం చెప్పవలసిన చోట నాలుక తడబడకుండా ఉండటానికి.

సత్యం పలికే నాలుకను, దానిని వినగలిగే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన ఇళ్లను భయంతో మూగబోయిన ఇళ్లుగా కాక, సంప్రదింపులతో వర్ధిల్లే ఇళ్లుగా చేయుగాక! ఆమీన్.